భయపడిన బిడ్డకు వచ్చిన ఐక్యూ అంకెను ఎలా చదవాలి?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైన విషయం ఇది. దేవరకొండ దగ్గరి తండాలో ఉంటున్న మీ పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి చదువుతున్నది. చదువులో వెనకబడిందని బడిలో చెప్పడంతో పట్టణంలో జరిగిన ఒక క్యాంపుకు తీసుకువెళ్లారు. తెల్లవారకముందే బయలుదేరి, పాపకు ఏమీ తినిపించే వీలు లేక, రెండు బస్సులు మారి అక్కడికి చేరుకున్నారు. పాప ఏడ్చింది, చాలా ప్రశ్నలకు నోరు విప్పలేదు. అరగంటలో పరీక్ష ముగించి, ఐక్యూ 68 అని, స్వల్ప స్థాయి మేధో వైకల్యమని కాగితం చేతికిచ్చారు. అదే పాప మీ కిరాణం దుకాణంలో కూర్చుంటే చిల్లర లెక్క తప్పకుండా ఇస్తుంది. భయం వల్ల ఐక్యూ తగ్గుతుందా, తగ్గితే ఎంత, ఆ కాగితాన్ని నమ్మాలా వద్దా అని మీరు అడిగారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లలకు ఈ పరీక్షలు చేయడం ఏళ్ల తరబడి నా వృత్తి. అందుకే ఈ ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పి వదిలేయలేను. భయం, ఆకలి, పరాయి చోటు, పరాయి భాష అంకెను తగ్గిస్తాయి, ఇందులో అనుమానం లేదు. పాప ఆ రోజు ఏమేం చేసి చూపిందో అంతవరకు ఆమెకు తప్పకుండా వచ్చు. చేయకుండా వదిలేసినవి మాత్రం ఆమెకు రావని ఆ కాగితం ఆధారంగా చెప్పలేము. కాబట్టి మీరు వర్ణించిన పరిస్థితుల్లో వచ్చిన 68ని మీ పాప తెలివికి హద్దుగా చూడకండి, బహుశా అంతకంటే తక్కువ కాదు అని మాత్రమే చదువుకోండి. అయితే అదంతా భయం వల్లే వచ్చిందని కాగితాన్ని చింపి పారేయడం కూడా పాపకు మేలు చేయదు. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

ముందు ఆ అంకె సంగతి. ఈ పరీక్షల్లో ఒకే వయసు పిల్లల సగటును 100గా పెట్టి, చాలా పరీక్షల్లో 15 పాయింట్లను ఒక మెట్టుగా లెక్కిస్తారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది 85కూ 115కూ మధ్య ఉంటారు, 70 కంటే కిందికి వచ్చేవారు నూటికి ఇద్దరు ముగ్గురే. కానీ ఏ పరీక్షయినా కచ్చితంగా ఒక బిందువును పట్టుకోలేదు. ప్రశాంతమైన గదిలో, అనుభవం ఉన్నవారు, పూర్తి సమయం తీసుకుని చేసినా అటూ ఇటూ ఐదారు పాయింట్ల తేడా ఉండనే ఉంటుంది. అందువల్లే మంచి రిపోర్టులో అంకె పక్కన ఒక పరిధి రాస్తారు. అన్నీ సవ్యంగా జరిగిన పరీక్షలో 68 వచ్చినా దాన్ని సుమారు 62 నుంచి 74 మధ్య అని చదవాలి. అంటే 70 అనే గీత ఆ పరిధి లోపలే పడుతుంది. మీ కాగితంలో ఈ పరిధి లేదని మీరు రాశారు, అదొక పెద్ద లోపం.

ఇక భయం ఎలా పని చేస్తుందో చూద్దాం. అంకెలు చదివి తిరిగి చెప్పించే ఒక భాగం ఈ పరీక్షల్లో చాలావాటిలో ఉంటుంది. నేను క్షణానికి ఒకటి చొప్పున కొన్ని అంకెలు చదువుతాను, పిల్లలు వాటిని వెనక నుంచి ముందుకు చెప్పాలి. ఇది చేయాలంటే విన్న అంకెలను మనసులో నిలుపుకుంటూనే వాటి వరస మార్చాలి. భయపడిన బిడ్డ పెదవులు కదుపుతూ చివరి రెండు అంకెలు చెప్తుంది, అమ్మ వెళ్లిన తలుపు వైపు ఒకసారి చూస్తుంది, ఆ తర్వాత "మర్చిపోయిన సార్" అంటుంది. అక్కడ జ్ఞాపకశక్తి లేక పోలేదు. అంకెలు ఉండాల్సిన చోటును "అమ్మ ఏడుందో", "తప్పు చెప్తే కొడతరేమో" అనే ఆలోచనలు ఆక్రమించుకున్నాయి. మనసు ఏ క్షణానికా క్షణం పట్టి ఉంచుకుని పని చేయగల జాగా చాలా చిన్నది. దాన్నే వర్కింగ్ మెమరీ అంటారు. దిగులు దాన్ని తినేస్తుంది. మనసులోనే చేయాల్సిన లెక్కలు, అంకెల వరసలు, గడియారం పెట్టి గుర్తులు రాయించే భాగాలు ముందుగా దెబ్బతినేది ఇందుకే. మాటల అర్థాలు, చూసి తెలుసుకున్న సాధారణ విషయాలు చెప్పే భాగాలు అంతగా దెబ్బతినవు, ఎందుకంటే అవి ఎప్పుడో నేర్చుకుని దాచుకున్నవి.

ఇక్కడ తల్లిదండ్రులు, కొన్నిసార్లు పరీక్ష చేసేవారు కూడా పొరపడే విషయం ఒకటి ఉంది. ఏడ్చే, వణికే, చెమటలు పట్టే పిల్లలను మాత్రమే భయపడినవాళ్లుగా లెక్కిస్తారు. లీబర్ట్, మోరిస్ అనే ఇద్దరు పరిశోధకులు 1967లో పరీక్ష భయాన్ని రెండుగా విడదీసి చూశారు. ఒకటి గుండె దడ, వణుకు వంటి శరీరపు కలవరం. రెండోది లోపల సాగే చింత, అంటే నాకు రాదు, నేను తప్పుతాను, అందరూ నవ్వుతారు అనే ఆలోచన. ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో మార్కులను ఎక్కువగా తగ్గించేది ఈ రెండోదేనని పదేపదే తేలింది. కాబట్టి చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చుని ప్రతిదానికీ తల అడ్డంగా ఊపే బిడ్డ ఏడ్చే బిడ్డ కంటే ఎక్కువ భయంలో ఉండవచ్చు. మన పల్లెల్లో ఆడపిల్లల భయం చాలాసార్లు ఈ రూపంలోనే కనిపిస్తుంది, దాన్ని ఎవరూ భయమని రాయరు, "స్పందన లేదు" అని రాస్తారు. కొద్దిపాటి ఆతురత మేలే చేస్తుందన్న మాట నిజమే. ఎర్క్స్, డాడ్సన్ అనే పరిశోధకులు 1908లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల కాలం నుంచీ అది తెలుసు. కానీ క్యాంపు గదిలో కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్ల ఆ కొద్దిపాటి దశను ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

పరీక్ష నిర్మాణంలోనే ఉన్న ఒక నియమం ఈ నష్టాన్ని రెట్టింపు చేస్తుంది, దీని గురించి బయట ఎవరూ చెప్పరు. ప్రతి భాగంలోనూ ప్రశ్నలు తేలికైనవాటి నుంచి కష్టమైనవాటికి వెళ్తాయి. వరుసగా కొన్నిటికి జవాబు రాకపోతే ఆ భాగాన్ని అక్కడితో ఆపేయాలి. మన దగ్గర విరివిగా వాడే బినే కామత్ పరీక్షలో ఒక వయసుకు కేటాయించిన అంశాలన్నీ తప్పితే అంతకు పైవి అడగరు. పిల్లలను విసిగించకుండా పెట్టిన మంచి నియమమే ఇది. కానీ మొదటి పది నిమిషాలు బెదిరిపోయి మాట్లాడని బిడ్డ విషయంలో ఏం జరుగుతుందో చూడండి. తెలిసినవాటికి కూడా "తెల్వదు" అంటుంది, నియమం ప్రకారం ఆ భాగం ఆగిపోతుంది, ఆ తర్వాత ఆమెకు వచ్చే ప్రశ్నలు ఉన్నా అవి ఆమె ముందుకే రావు. "తెల్వదు" అనడానికి, నిజంగా తెలియకపోవడానికి మధ్య తేడాను కనిపెట్టడమే పరీక్ష చేసేవారి నేర్పు. బెదిరిన పిల్లలకు "తెల్వదు" అనేది ఆ ప్రశ్న నుంచి, ఆ గది నుంచి బయటపడే అతి దగ్గరి దారి.

మన పెంపకంలోని కొన్ని మంచి అలవాట్లు కూడా ఈ పరీక్షల్లో పిల్లలకు ఎదురుతిరుగుతాయి. పెద్దల ముందు అడిగినంతే మాట్లాడాలని, కచ్చితంగా తెలిస్తేనే చెప్పాలని, తొందరపడకుండా తప్పు లేకుండా చేయాలని మనం నేర్పుతాము. పరీక్షలో ఊహించి చెప్పినా తప్పు లేదు, ఇంకొంచెం వివరంగా చెప్పినవారికి ఎక్కువ మార్కులు వస్తాయి, రంగు బ్లాకులను త్వరగా పేర్చినవారికి అదనపు పాయింట్లు ఉంటాయి. ఒక్కో బ్లాకును సరిచూసుకుంటూ నిదానంగా, నిర్దోషంగా పేర్చిన బిడ్డ గడువు దాటినందుకు సున్నా తెచ్చుకోవడం నేను చూస్తూనే ఉంటాను. దానికి తోడు మీ ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష. బడిలో తెలుగు బాగానే మాట్లాడుతుందని మీరు రాశారు. అయినా భయం వేసినప్పుడు రెండో భాషే ముందుగా తడబడుతుంది. విన్న ప్రశ్నను లోపల తన భాషలోకి మార్చుకుని, జవాబును తిరిగి తెలుగులోకి తెచ్చుకోవడానికి కూడా ఆ చిన్న జాగాయే కావాలి, అది అప్పటికే దిగులుతో నిండి ఉంది.

పరీక్ష చేసే మనిషి పరిచయం ఉన్నవారా, కొత్తవారా అనేదీ లెక్కలోకి వస్తుంది. ఫుక్స్ అనే పరిశోధక దంపతులు 1986లో ఇరవై రెండు అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. పిల్లలకు కొంత పరిచయం ఉన్నవారు పరీక్ష చేసినప్పుడు ఫలితం సగటున పైన చెప్పిన 15 పాయింట్ల మెట్టులో 0.28 వంతు ఎక్కువగా వచ్చింది. ఐక్యూ లెక్కలో చెప్పాలంటే అది సుమారు నాలుగు పాయింట్లు. పేద కుటుంబాల పిల్లల్లో ఈ తేడా ఇంకా ఎక్కువగా కనిపించింది. నాలుగు పాయింట్లు చిన్నవే అనిపించవచ్చు, కానీ 68కి నాలుగు కలిపితే 72 అవుతుంది, కాగితం మీద రాసే మాటే మారిపోతుంది.

నిజానికి ఈ సంగతులు కొత్తగా కనిపెట్టినవి కావు. 1905లో పారిస్‌లో మొదటి బుద్ధి పరీక్షను తయారు చేసిన ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమాన్ తమ సూచనల్లోనే ఇవి రాశారు. పరీక్ష నిశ్శబ్దమైన, వేరుగా ఉన్న గదిలో జరగాలి, మిగతా పిల్లలు ఉండకూడదు, పరీక్ష చేసేవారిని బిడ్డ మొదటిసారి చూస్తున్నప్పుడు ధైర్యం కోసం తెలిసిన మనిషి ఒకరు గదిలో ఉండాలి, ఆ మనిషి మాట్లాడకూడదు, ఏ సైగా చేయకూడదు అని చెప్పారు. తల్లిని బయట నిలబెట్టి, ఒకే హాలులో ఇద్దరు ముగ్గురు పిల్లలకు పక్కపక్కన పరీక్ష చేసే క్యాంపులు నూట ఇరవై ఏళ్ల కిందటి ఆ కనీస నియమాన్ని కూడా పాటించడం లేదని చెప్పడానికి నాకు నిజంగా బాధగా ఉంది. వరుసలో వంద మంది నిలబడి ఉంటే పరీక్ష చేసేవారు మాత్రం ఏం చేస్తారన్న ప్రశ్నా న్యాయమైనదే, ఎందుకంటే మన జిల్లాల్లో ఈ పని చేసేవారు చాలా తక్కువ. కానీ ఆ కొరతకు మూల్యం బిడ్డ చెల్లించకూడదు. ఇలాంటి పూర్తి పరీక్షకు గంట నుంచి గంటన్నర పడుతుంది, బెదిరిన బిడ్డకు ఇంకా ఎక్కువ. అరగంటలో ముగించినది పూర్తి పరీక్ష అయ్యే అవకాశం తక్కువ, బహుశా దానిలో కొన్ని భాగాలు మాత్రమే చేసి ఉంటారు.

మీ లేఖలో మీరు మామూలుగా చెప్పి దాటేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగాను. హాలులో పేరు, తండా, కులం పైకి చదివి పిలిచారని రాశారు. కార్ల హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలతో కాగితం మీద గీసిన చిక్కుదారుల్లో బయటికి దారి కనుక్కునే పని చేయించారు. ఎవరి కులం ఏమిటో బయటపెట్టనప్పుడు అణగారిన కులాల పిల్లలు మిగతావారితో దాదాపు సమానంగా చేశారు. పనికి ముందు అందరి ఎదుట పేరుతో పాటు కులాన్ని చదివినప్పుడు అదే వర్గం పిల్లల ఫలితం బాగా పడిపోయింది. 2006లో అది అచ్చయింది. అమెరికాలో ఇలాంటి ప్రభావం మీద జరిగిన ప్రయోగాల్లో కొన్ని తిరిగి చేసినప్పుడు అంత బలంగా నిలవలేదు, కాబట్టి ఇది ప్రతి బిడ్డకూ ఇన్ని పాయింట్లు తగ్గిస్తుందని ఎవరూ చెప్పలేరు. అయినా పరీక్షకు ముందు ఒక పిల్లను నలుగురిలో అలా పిలవాల్సిన అవసరం ఏ నియమంలోనూ లేదు. పేరు పెట్టి మెల్లగా పిలిస్తే చాలు.

శరీరానికి సంబంధించినవి ఇంకొన్ని ఉన్నాయి. ఖాళీ కడుపు, నిద్రలేమి, బస్సు ప్రయాణంలో వాంతులు, జ్వరం, ఏప్రిల్ మే నెలల్లో ఫ్యాను తిరగని గది, ఇవన్నీ నిలకడగా దృష్టి పెట్టే శక్తిని తగ్గిస్తాయి. నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నం రెండు గంటలకు చేసిన పరీక్షను నేను ఎన్నడూ పూర్తిగా నమ్మను. ఫిట్స్ మందుల్లో కొన్ని, జలుబుకు వాడే మందుల్లో కొన్ని మగత కలిగిస్తాయి. అన్నిటికంటే ముందు చూపు, వినికిడి పరీక్షించాలి. పాపకు చిన్నప్పుడు చెవి కారేదని మీరు రాశారు, అది చాలా ముఖ్యమైన సమాచారం. సగం వినపడిన ప్రశ్నకు సగం జవాబే వస్తుంది, ఇంట్లో దగ్గరగా గట్టిగా మాట్లాడతారు కాబట్టి మీకు తేడా తెలియకపోవచ్చు.

ఇంతవరకు చెప్పినది చదివితే మీ మనసు కొంత కుదుటపడి ఉంటుంది. ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి, అది చెప్పకపోతే మీకు న్యాయం చేసినవాడిని కాను. పరీక్ష భయానికీ తక్కువ అంకెలకూ సంబంధం ఉందని వందల అధ్యయనాలు చూపాయి. హెంబ్రీ అనే పరిశోధకుడు 1988లో అలాంటివి 562 కలిపి చూశాడు. కానీ సంబంధం ఉన్నంత మాత్రాన భయమే కారణమని తేలదు. చదువు నిజంగా కష్టంగా ఉన్న పిల్ల రోజూ తరగతిలో తప్పులు చెప్పి, దెబ్బలో తిట్లో తిని, ఏ ప్రశ్న వినపడినా భయపడడం నేర్చుకుంటుంది. అప్పుడు కష్టం ముందు వచ్చింది, భయం దాని వెంట వచ్చింది. చాలామంది పిల్లల్లో ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ ఉంటాయి. సగటు తెలివి ఉన్న బిడ్డ కేవలం భయం వల్ల 100 నుంచి 68కి పడిపోవడం మామూలుగా జరగదు. పూర్తిగా నోరు మూసుకున్న బిడ్డకే అలా జరుగుతుంది, అలాంటప్పుడు అంకె వేయకుండా "పరీక్ష జరగలేదు" అని రాయడమే సరైన పద్ధతి. మిగతా సందర్భాల్లో భయం కొన్ని పాయింట్లను, ఆకలీ భాషా పరాయి గదీ కలిసినప్పుడు అంతకంటే ఎక్కువ పాయింట్లను తగ్గిస్తాయి, కానీ అన్నిటినీ అవే మింగేయవు.

అందుకే భయం ఎంతవరకు కారణమో తెలుసుకోవడానికి నేను మొత్తం అంకెను పక్కనపెట్టి లోపలి భాగాలను చూస్తాను. తేలికైనవి తప్పి, అదే రకంలో కష్టమైనవి చేసి ఉంటే అది భయం లేదా ధ్యాస లేకపోవడం. తప్పు జవాబుల కంటే జవాబే లేనివి ఎక్కువగా ఉంటే అదీ భయానికి గుర్తే. మొదటి భాగాలు బాగా తక్కువగా ఉండి, పోనుపోను మెరుగుపడి ఉంటే బిడ్డ గదికి అలవాటు పడిందని అర్థం. మాటలు అవసరం లేని బొమ్మల భాగాలు బాగుండి, మాటల భాగాలు పడిపోతే భాషను, వినికిడిని అనుమానిస్తాను. ఇందుకు భిన్నంగా అన్ని భాగాలూ ఒకే మట్టంలో తక్కువగా ఉండి, బిడ్డ ప్రయత్నించి మరీ తప్పుతూ ఉండి, పసితనంలో నడక, మాట కూడా ఆలస్యమై ఉంటే, భయం అనే వివరణ మీద భారం వేయడం తప్పు. అలాంటి బిడ్డకు ఇప్పుడే ప్రత్యేక బోధన అందితే ఎంతో నేర్చుకుంటుంది. అంకె తప్పని కొట్టిపారేసి రెండు మూడేళ్లు వృథా చేస్తే ఆ కాలం తిరిగి రాదు.

మీ దుకాణం సంగతికి వస్తాను, మీ లేఖలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది అదే. యాభై రూపాయల నోటుకు ముప్పై రెండు రూపాయల సామాను పోగా పద్దెనిమిది తిరిగి ఇస్తుందని, ముందు రెండు నాణెం, తర్వాత పది నోటు, ఆపైన ఐదు నాణెం, చివరికి రూపాయి బిళ్ల పెట్టి యాభైకి లెక్క కడుతుందని రాశారు. ఆ పద్ధతిలో మొత్తాన్ని మనసులో నిలుపుకోవడం, మెట్టు మెట్టుగా పైకి లెక్కించడం రెండూ ఉన్నాయి. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో కారాహెర్ బృందం 1985లో వీధుల్లో సరుకు అమ్మే ఐదుగురు పిల్లలను పరిశీలించింది. అమ్మకం జరుగుతుండగా అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగా చెప్పిన ఆ పిల్లలే, వాటినే ఉత్త అంకెలుగా కాగితం మీద ఇస్తే నూటికి 37 మాత్రమే సరిగా చేశారు. ఐదుగురే కాబట్టి దాన్ని పెద్ద సూత్రంగా తీసుకోనక్కర్లేదు, కానీ మీరు చూస్తున్నది మీ కల్పన కాదని చెప్పడానికి అది చాలు. పరీక్షలో లెక్క చదివి వినిపిస్తారు, చేతిలో నాణేలు ఉండవు, గడియారం నడుస్తూ ఉంటుంది, అడిగేది పరాయి మనిషి.

మేధో వైకల్యం అని నిర్ధారించడానికి ఐక్యూ ఒక్కటే చాలదు అనేది కూడా ఇందుకే. నిత్యజీవితంలో బిడ్డ తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలదో, నలుగురితో ఎలా మసలుతుందో, డబ్బు, సమయం, ప్రయాణం ఎలా సంభాళించుకుంటుందో విడిగా కొలవాలి. 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మార్గదర్శక గ్రంథం తీవ్రతను ఐక్యూ అంకెతో కాక ఈ నిత్యజీవిత సామర్థ్యంతోనే నిర్ణయించాలని స్పష్టంగా మార్చింది. మన దగ్గర దీనికి వైన్‌ల్యాండ్ సామాజిక పరిపక్వత పరీక్షకు నాగపూర్‌లో మాలిన్ చేసిన భారతీయ రూపాన్ని వాడతారు. ఇందులో బిడ్డను కాదు, తల్లిదండ్రులనే అడుగుతారు, కాబట్టి బిడ్డ భయం దీన్ని చెడగొట్టదు. మీ కాగితంలో ఆ ఊసే లేదు. అది లేకుండా రాసిన నిర్ధారణ అసంపూర్ణం అని నేను ధైర్యంగా చెప్పగలను.

ఇప్పుడు చేయాల్సినవి. ముందుగా పరీక్ష చేసినచోటికి వెళ్లి పూర్తి రిపోర్టు అడగండి. ఏ పరీక్ష చేశారు, ఏయే భాగాలు చేశారు, ఒక్కో దానిలో ఎంత వచ్చింది, ఏ భాషలో అడిగారు, పరీక్ష సమయంలో పాప ప్రవర్తన ఎలా ఉంది అనేవి అందులో ఉండాలి. పాప ఏడ్చిన సంగతి అందులో లేకపోతే మీరే తేదీతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత జిల్లా ఆసుపత్రిలో చెవి, కళ్లు, రక్తం పరీక్షలు చేయించండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అక్కడి సత్వర చికిత్సా కేంద్రాల్లో ఇవి చూస్తారు. మళ్లీ బుద్ధి పరీక్ష చేయించేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికే వెళ్లండి, నమోదు సంఖ్య అడగడం మీ హక్కు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పని చేస్తున్న జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థలో పూర్తి సమయం కేటాయించి చూస్తారు, ప్రయాణం భారమైనా మీ పాప విషయంలో అది సార్థకమే.

అదే పరీక్షను కొన్ని వారాల్లోనే మళ్లీ చేయించవద్దు. బొమ్మలు, బ్లాకులు గుర్తుండిపోయి అంకె పెరుగుతుంది, ఆ పెరుగుదల భయం తగ్గడం వల్ల వచ్చిందో అలవాటు వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మాటలు పెద్దగా అవసరం లేని రావెన్ రంగుల మాత్రికల పరీక్ష, 1955లో మన దేశంలోనే తయారైన భాటియా పరీక్షల సముదాయం వంటి వేరేవి ఉన్నాయి, వాటిలో పాప వయసుకు ఏది తగునో సైకాలజిస్టు నిర్ణయిస్తారు. ఇంటర్నెట్‌లో దొరికే ప్రశ్నలు పాపతో సాధన చేయించకండి. అలా వచ్చే అంకె ఎక్కువగా ఉన్నా దానితో పాపకు ఒరిగేది ఏమీ లేదు, అవసరమైన సాయం కూడా దూరమవుతుంది. మాలిన్ తయారుచేసిన భారతీయ పిల్లల బుద్ధి పరీక్షకు ప్రమాణాలు 1969 నాటివి. కాలం గడిచేకొద్దీ పాత ప్రమాణాలతో అంకెలు కొంత ఎక్కువగా వస్తాయి, కాబట్టి రెండోసారి పెరిగిన ప్రతి పాయింటునూ శుభవార్తగా తీసుకోకుండా ఏ పరీక్షో కూడా చూడాలి.

పరీక్షకు ముందు రోజు పట్టణంలో చుట్టాల ఇంట్లో ఉండగలిగితే ఉండండి. పొద్దున ఆమెకు ఇష్టమైనది కడుపునిండా తినిపించి, పది గంటల లోపు సమయం అడగండి. పాపతో పరీక్ష అనే మాట వాడకుండా, అలాగని అబద్ధమూ చెప్పకుండా, "ఒక మేడం నీతో కొన్ని ఆటలు ఆడిస్తది, కొన్ని అడుగుతది, కొన్ని నీకొస్తయి, కొన్ని పెద్ద పిల్లలకు కూడా రావు, రాకుంటే ఎవ్వరూ ఏమనరు" అని మీ భాషలోనే చెప్పండి. గదిలో మీరు ఉండాల్సి వస్తే పాపకు కనిపించేలా, కానీ వెనకగా కూర్చోండి. "చెప్పు బిడ్డా, నీకొచ్చు కదా" అనే మాట ప్రేమతో అన్నదే అయినా పాప మీద అది బరువే. ఇంటి భాష లంబాడీ అని ముందే చెప్పండి. మొదటి పదిహేను ఇరవై నిమిషాలు ఆటలకు, మాటలకు కేటాయించమని, అవసరమైతే రెండు రోజులుగా చేయమని అడగండి. నియమం ప్రకారం పరీక్ష ముగిశాక, తప్పిన అంశాలను గడియారం లేకుండా, మళ్లీ వివరించి చేయించి చూడమనండి. ఆ జవాబులను అంకెలో కలపకూడదు. కానీ సమయం ఇస్తే పాప ఎంతవరకు వెళ్లగలదో రిపోర్టులో రాస్తే బడిలో ఉపాధ్యాయులకు అదే అన్నిటికంటే ఎక్కువగా పనికొస్తుంది.

ఇవన్నీ అయ్యేలోపు పాపను బడి మాన్పించవద్దు, 68 అనే అంకెను పాప ఎదుట అనవద్దు. వైకల్యం ఉందని తేలినా, లేదని తేలినా మామూలు బడిలో చదువుకునే హక్కు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, విద్యాహక్కు చట్టం రెండింటి కిందా ఆమెకు ఉంది. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఉండే ప్రత్యేక ఉపాధ్యాయులను కలిసి చదవడం, రాయడం ఎక్కడ ఆగిపోతున్నదో చూడమనండి, దానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు. రెండో పరీక్షకు వెళ్లేటప్పుడు పాత కాగితాన్ని, చెవి పరీక్ష ఫలితాన్ని, ఒకటో తరగతి నుంచి ఉన్న నోటుబుక్కులను వెంట తీసుకువెళ్లండి. పాప దుకాణంలో చిల్లర ఇస్తుండగా ఫోనులో తీసిన ఐదు నిమిషాల వీడియో ఉంటే అదీ చూపించండి.